బాల్కనీ స్లాబ్ మీద గోడ పక్కన పగులు – ఉయ్యాల పెట్టొచ్చా?

గుంటూరు_మిర్చి
మాది గుంటూరులో జీ ప్లస్ వన్ ఇల్లు, 2009లో కట్టాం. పై అంతస్తులో బాల్కనీ గోడ నుంచి నాలుగు అడుగులు బయటికి ఉంటుంది, పొడవు పదకొండు అడుగులు. కింద పిల్లర్లు లేవు, బీములు లేవు, ఐదంగుళాల స్లాబే అలా బయటికి వచ్చింది. చివర మూడడుగుల పిట్టగోడ, నాలుగంగుళాల ఇటుకది.

ఈ వానాకాలం బాల్కనీ కింద గోడకి ఆనుకుని చెమ్మ దిగింది. పైకెళ్ళి చూస్తే గోడ పక్కనే, గోడతో పాటే ఈ చివర నుంచి ఆ చివరికి పగులు. చివర్లలో వెంట్రుకంత, మధ్యలో రూపాయి బిళ్ళ అంచు దూరేంత. మేస్త్రీని పిలిస్తే కాలితో రెండుసార్లు దబదబా తొక్కి, "అతుకు పగులండీ, వైట్ సిమెంట్ కొట్టి పైన వాటర్‌ప్రూఫింగ్ వేద్దాం, పన్నెండు వేలు" అన్నాడు.

అసలు గొడవ ఏంటంటే నాన్నగారు రిటైరయ్యారు. ఇనుప స్టాండు ఉయ్యాల ఆర్డర్ పెట్టేశారు, అక్కడే వేస్తారట. అమ్మవి ఇప్పటికే 14 కుండీలు పిట్టగోడ వెంబడి వరసగా ఉన్నాయి. నాకేమో టెన్షన్. "పదహారేళ్ళు నిలబడింది, నీ ఉయ్యాలకి పడిపోతుందా" అని నాన్న. ఏం చెయ్యమంటారు?

పిట్టగోడ_మీద_పిల్లి
ఉయ్యాల నాన్నగారిది, టెన్షన్ మీది. పని పంచుకున్నారు, బాగుంది.

కొత్తిల్లు_2018
మా ఇంట్లో పదిహేను పగుళ్ళున్నాయి. గోడల మీద, లింటెల్ దగ్గర, అన్నిచోట్లా. ఏమీ కాలేదు. పుట్టీ పెట్టి రంగు వేయించాం. ఊరికే భయపడకండి.

సైట్_మేస్త్రీ_63
కొత్తిల్లు గారూ, గోడ మీద పగులూ బాల్కనీ మీద పగులూ ఒకటి కాదు. గోడది చర్మం మీద గీత. ఇది మెడ మీద గీత.

మిర్చి గారూ, ఒక్క మాట సరిగ్గా చెప్పండి. పగులు స్లాబ్ పైన ఉందా, కింద ఉందా? టైల్స్ ఉన్నాయా, ఉంటే టైలు మాత్రమే పగిలిందా, దాని కింద కాంక్రీటు కూడానా?

గుంటూరు_మిర్చి
పైనే. టైల్స్ లేవు, సిమెంట్ ఫ్లోరింగే. మేస్త్రీ ఉలితో ఒకచోట ఫ్లోరింగ్ లేపాడు, కింద కాంక్రీటులో కూడా అదే గీత కనిపించింది. స్లాబ్ కింద వైపు పగుల్లేదు, తడి మరక మాత్రం ఉంది.

సైట్_మేస్త్రీ_63
ఉయ్యాల దింపకండి. కుండీలు ఈ రాత్రికే లోపలికి తెచ్చెయ్యండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

స్ట్రక్చర్_శాస్త్రి
63 గారి మాట వినండి. నేను స్ట్రక్చరల్ డిజైన్ చేస్తాను, ఇరవై రెండేళ్ళయింది. ఫోటో చూడకుండా తీర్పు చెప్పకూడదు గానీ, కాంటిలివర్ స్లాబ్‌కి, అంటే ఒకవైపే పట్టు ఉండి గాల్లోకి వచ్చిన స్లాబ్‌కి, పైభాగాన, గోడ మొదట్లో, గోడకి సమాంతరంగా పగులు అన్నారంటే నేను ముందు చేసేది కింద పోట్లు, అంటే ఆసరా కర్రలు, పెట్టించడం. సరుగుడు కర్రలైనా సరే, సెంట్రింగ్ జాకీలైనా సరే. బాల్కనీ చివర నుంచి అడుగు లోపలికి, మూడడుగులకి ఒకటి చొప్పున, పైన అడ్డంగా ఒక దుంగ పెట్టి. బిగించి పైకి లేపకూడదు, తగిలి ఆనుకుంటే చాలు. కింద పిల్లల్ని ఆడుకోనివ్వకండి.

కొత్తిల్లు_2018
అంత సీనేముంది? కాంక్రీటు రాయి లాంటిది కదా. పదహారేళ్ళు ఆగింది ఇప్పుడెందుకు పడుతుంది?

లెక్కల_మాస్టారు
హైస్కూల్లో చెప్పేవాణ్ణి. ఇంజనీరింగ్ తెలియదు, సుద్దముక్క తెలుసు. కొత్త సుద్దముక్క నిలబెట్టి వేలితో నొక్కండి, వేలు నొప్పెడుతుంది తప్ప అది విరగదు. అదే రెండు చేతుల్తో పట్టుకుని కొంచెం వంచండి, టప్‌మంటుంది. ఎక్కడ మొదలవుతుందో చూడండి, వంపుకి బయటి వైపు, సాగే వైపు. లోపలి వైపు నలుగుతుంది, అక్కడ ఏమీ కాదు. కాంక్రీటు కూడా సుద్దముక్క బంధువే అని మా స్నేహితుడు ఇంజనీరు చెప్పేవాడు. నొక్కితే భరిస్తుంది, లాగితే భరించలేదు.

స్ట్రక్చర్_శాస్త్రి
మాస్టారూ, మీ సుద్దముక్కకి వంద మార్కులు. కాంక్రీటుకి నొక్కుడులో ఉన్న బలంలో సుమారు పదో వంతే లాగుడులో ఉంటుంది. డిజైన్‌లో ఆ పదో వంతుని కూడా లెక్కలోకి తీసుకోం, లాగుడంతా ఇనుముదే అనుకుంటాం. అందుకే ఇనుము ఎంత వేశామన్నది సగం ప్రశ్నే. ఎక్కడ వేశామన్నది మిగతా సగం.

గది మీద స్లాబ్ రెండు వైపులా గోడల మీదో బీముల మీదో ఆనుకుంటుంది. బరువు పడితే మధ్యలో కిందికి కుంగుతుంది. సాగేది అడుగు భాగం, కాబట్టి మెయిన్ రాడ్లు అడుగున వేస్తాం. బాల్కనీ దీనికి తలకిందులు. ఒకవైపే పట్టు, రెండో వైపు గాల్లో ఉంది. చివర కిందికి వాలితే సాగేది పైభాగం. అది కూడా అన్నిటికన్నా ఎక్కువగా గోడ దగ్గర. మెయిన్ రాడ్లు పైన ఉండాలి, పైనుంచి ముప్పాతిక అంగుళం కాంక్రీటు కవర్ వదిలి. అదే రాడ్లు బాల్కనీ ఎంత బయటికి ఉందో దానికి ఒకటిన్నర రెట్లు ఇంటి లోపలి స్లాబ్‌లోకి పోవాలని సైట్లో బండగుర్తు. అంటే మిర్చి గారిది ఆరడుగులు లోపలికి.

ఓరుగల్లు_పోరడు
ఇనుము లేకుంటే నిలబడదన్నట్టు మాట్లాడుతున్రు. మా రామప్ప గుడి 1213ల కట్టిన్రు, ఒక్క రాడ్ లేదు. మొన్న 2024 డిసెంబర్ 4న ములుగుల 5.3 భూకంపం వచ్చింది, పొద్దుగాల ఏడున్నరకు హైదరాబాద్‌ల మా అపార్ట్‌మెంట్ల మంచం కదిలింది. పాలంపేటల గుడి గట్లనే ఉంది. పాతోళ్ళ పనితనం వేరే అన్నా.

స్ట్రక్చర్_శాస్త్రి
పోరడు తమ్ముడూ, పనితనం వేరే, ఒప్పుకుంటా. కానీ వాళ్ళు రాయికి ఇష్టం లేని పని రాయి చేత చేయించలేదు, అదీ కిటుకు. రాతి దూలం కూడా వంగితే అడుగున సాగి విరుగుతుంది. అందుకే స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం తక్కువ, దూలం మందం ఎక్కువ. హనుమకొండ వేయి స్తంభాల గుడిలో అన్ని స్తంభాలు అందానికే కాదు, ఆ రాయికి అంతకన్నా దూరం దాటే శక్తి లేదు. రామప్పలో పైన శిఖరానికి నీళ్ళలో తేలే తేలిక ఇటుకలు వాడారు, అంటే బరువే తగ్గించారు. పునాది కింద ఇసుక నింపారు. పాతకాలం రాతి చూరు బయటికి వస్తుంది కదా, అది మన బాల్కనీ లాంటిదే. కానీ దాని లోపలి కొస మీద బోలెడు బరువు కూర్చుని ఉంటుంది, అందుకని బయటి కొస వాలదు. తక్కెడ లాంటిది.

ఓరుగల్లు_పోరడు
అయితే మిర్చన్న లోపటి స్లాబ్ మీద నాలుగు బండలు పెడితే సరి.

పిట్టగోడ_మీద_పిల్లి
బండలెందుకు, మా బావమరిది వస్తున్నాడు, రెండు నెలలుంటాడట.

గోదారి_గట్టు
తమ్ముడు గుళ్ళ మాటెత్తాడు కాబట్టి మా రాజమండ్రి మాటా చెప్పుకోవాలి. ఆర్చి బ్రిడ్జి 1990ల్లో కట్టిందే, మొత్తం కాంక్రీటే. 28 కమానులు, ఒక్కోటి దాదాపు 97 మీటర్లు, మీద రైళ్ళు. పక్కనే 1900లో మొదలైన హేవ్‌లాక్ బ్రిడ్జి ఇనుప గర్డర్లది, 1997 దాకా రైళ్ళు మోసింది. లాగితే కాంక్రీటు భరించదంటున్నారు, మరి 97 మీటర్లు ఎలా మోస్తోంది?

స్ట్రక్చర్_శాస్త్రి
మంచి ప్రశ్న. ఆ కమానుని విల్లు అనుకోండి. పైనున్న వంపు కర్ర అంతా నొక్కుడులో ఉంటుంది, అది కాంక్రీటుకి ఇష్టమైన పని. విల్లు రెండు కొసలూ విచ్చుకుపోకుండా పట్టుకునేది వింటినారి, అంటే కింద రైలు నడిచే గర్డర్. అక్కడ లాగుడుంది. ఆ లాగుడు కోసం లోపల ఉక్కు తీగల కట్టలు ముందే గట్టిగా లాగి బిగించి పెడతారు. బిగించినందువల్ల కాంక్రీటు ముందే నొక్కుకుని ఉంటుంది, రైలు వచ్చినప్పుడు ఆ నొక్కుడు కొంత సడలుతుంది తప్ప లాగుడు దాకా పోదు. ఇంత పెద్ద బ్రిడ్జిలోనూ, మిర్చి గారి నాలుగడుగుల బాల్కనీలోనూ సూత్రం ఒకటే, లాగుడు ఉన్నచోట ఉక్కు ఉండాలి.

గుంటూరు_మిర్చి
ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ మా బాల్కనీలో రాడ్లు పైన ఉన్నాయో లేదో ఎలా తెలుస్తుంది? 2009లో ప్లాన్ గీసిన ఇంజనీరు ఇప్పుడు ఊళ్ళో లేడు. డ్రాయింగ్‌లో మాత్రం పైనే ఉన్నట్టు గీశాడు, ఇప్పుడే బీరువాలోంచి తీసి చూశాను. 8 ఎంఎం, ఐదంగుళాలకొకటి.

సైట్_మేస్త్రీ_63
డ్రాయింగ్‌లో అందరి రాడ్లూ పైనే ఉంటాయండీ. స్లాబ్ రోజు చూడాలి.

ముప్పై ఏళ్ళు నేను చేసిన పని కాబట్టి చెబుతున్నా. తెల్లారుజామున నాలుగున్నరకి కాంక్రీటు కలిపే మిల్లర్ వస్తుంది. ఓనరు కొబ్బరికాయ కొడతాడు, అందరికీ టీ. ఐదుకల్లా మొదటి తట్ట. ఇంజనీరు ముందురోజు సాయంత్రం వచ్చి రాడ్లు లెక్కపెట్టి, టేపు పెట్టి కొలిచి, ఫోటో తీసుకుని పోయాడు. బాగానే ఉంది. ఇప్పుడు పాతిక ముప్పై మంది తట్టలు అందుకుంటూ ఆ కడ్డీల మీదే నడుస్తారు. మనిషి అరవై డెబ్భై కిలోలు, తల మీద తట్ట ఇంకో ఇరవై. 8 ఎంఎం కడ్డీ, కింద ఆసరా లేకుండా నాలుగంగుళాల ఎత్తున గాల్లో కట్టి ఉంది. తొక్కితే ఏం చేస్తుంది, వంగుతుంది. పొద్దున ఆరుకి పైన ఉన్న కడ్డీ తొమ్మిదికి కింది సెంట్రింగ్ రేకు మీద అంగుళం ఎత్తులో పడుకుంటుంది. దాని మీద కాంక్రీటు పడ్డాక దేవుడికి కూడా కనిపించదు.

అందుకే చైర్లు పెట్టాలి. మిగిలిన కడ్డీ ముక్కలు కుర్చీ కాళ్ళలా వంచి, మూడడుగులకొకటి. మనుషులు నడవడానికి పలకలు వేరేగా ఇటుకల మీద పరచాలి, రాడ్ల మీద కాదు. బాల్కనీ దగ్గర ఒక మనిషిని ప్రత్యేకంగా కూర్చోబెట్టి, కొక్కెంతో కడ్డీ పైకి లాగుతూనే ఉండమనాలి. నా సైట్లో ఆ పని మా బామ్మర్దిది. రోజంతా వంగుని లాగి లాగి రాత్రికి నడుం పట్టేసేది. కూలి మాత్రం అందరితో సమానం.

అన్ని సైట్లలో ఆ మనిషి ఉంటాడని నేను చెప్పను.

కొత్తిల్లు_2018
అంటే తప్పంతా మేస్త్రీలదే అని మేస్త్రీ గారే ఒప్పుకుంటున్నారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

సైట్_మేస్త్రీ_63
తీసుకోండి. దాంతో పాటు ఇది కూడా తీసుకోండి. చైర్లకి యాభై కిలోల కడ్డీ ఎక్కువ పడుతుందంటే, "మా తమ్ముడి ఇంటికి పెట్టలేదే" అని కొట్టేయించిన ఓనర్ని ఐదుగుర్ని చూశాను.

వైజాగ్_అలలు
పదహారేళ్ళు ఆగిందన్నదానికి నాదొక జవాబు. మా బీచ్ రోడ్డు వెనక అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు సన్‌షేడ్ పెచ్చు ఊడి మా స్కూటర్ సీటు మీద పడింది, అరడుగు పక్కన నేను. విప్పి చూస్తే కడ్డీ తుప్పుపట్టి పేస్ట్రీ పొరల్లా లేస్తోంది. ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని లోపల్నుంచే పగలగొడుతుంది. సముద్రపు గాలికి మాకు తొందరగా, మీకు నెమ్మదిగా. మీ పగుల్లోంచి పదహారేళ్ళలో ఎన్ని వానలు దిగాయో. పైనున్న రాడ్డు ముందు తడిసేది, పని చేయాల్సిందీ అదే.

పిట్టగోడ_మీద_పిల్లి
వైజాగ్ వాళ్ళు హుద్‌హుద్ తుఫాను గురించి చెప్పకుండా పోస్టు ముగించడం ఇదే మొదటిసారి.

వైజాగ్_అలలు
మీరు అడిగారు కాబట్టి. 2014 అక్టోబర్ 12. మా పక్కింటి మేడ మీద రేకుల షెడ్డు, రేకుల మీద ఇటుకలు పేర్చి పెట్టారు, బరువుంటే ఎగరదని. గాలి నొక్కుతుందని అందరూ అనుకుంటారు. పైకప్పుని గాలి నొక్కదు, పీలుస్తుంది, పైకి లాగుతుంది. రేకులు లేచాయి, వాటి మీది ఇటుకలు మా ఇంటి కిటికీలోకి వచ్చాయి. కొక్కేలు బిగించిన షెడ్లు కొన్ని నిలబడ్డాయి, ఇటుకలు నమ్ముకున్నవి పోయాయి. బరువు అన్నిసార్లూ కిందికే పనిచేస్తుందనుకోకూడదు, అదీ నా పాయింటు.

కాలిఫోర్నియా_కాకి
ఆలస్యంగా చూశాను, ఇక్కడ ఇప్పుడు తెల్లారింది. నాకు ఈ చర్చ చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. 2015 జూన్‌లో బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ, ఇదే రకం, ఒకవైపే పట్టు ఉన్నది, పుట్టినరోజు పార్టీలో 13 మంది నిలబడి ఉండగా గోడ మొదట్లో విరిగి పడింది. ఆరుగురు పోయారు, ఏడుగురికి దెబ్బలు. ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వేసవికి వచ్చిన కాలేజీ పిల్లలు. అక్కడ కాంక్రీటు కాదు, చెక్క దూలాలు. నీళ్ళు లోపలికి దిగి గోడ దగ్గర చెక్క కుళ్ళిపోయింది. పైకి ఏమీ తెలియలేదు. ఆ తర్వాత బాల్కనీలు తనిఖీ చేయాల్సిందేనని రాష్ట్రం చట్టం తెచ్చింది. మా కమ్యూనిటీలో తనిఖీకి డబ్బు కట్టమంటే నేనే మీటింగులో గొణిగాను. ఇప్పుడు గొణగను.

కొత్తిల్లు_2018
13 మంది ఎక్కితే ఏదైనా పడుతుంది లెండి.

స్ట్రక్చర్_శాస్త్రి
పడకూడదండీ. అసలు అదే విషయం. భవనాల మీద పడే బరువుల లెక్కకి మనకున్న కోడ్ ఐఎస్ 875లో ఇళ్ళల్లో గదులకి చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన జనం, సామాను బరువు తీసుకోమంటే, బాల్కనీకి 300 తీసుకోమంటుంది. ఎందుకంటే బాల్కనీ మీదకే జనం గుంపుగా వస్తారు, ఊరేగింపు వచ్చినా, గొడవైనా. మిర్చి గారి బాల్కనీ సుమారు నాలుగు చదరపు మీటర్లు. సరిగ్గా కట్టి ఉంటే పదిహేను మంది ఎక్కినా దానికి చెమట పట్టకూడదు.

ఇప్పుడు ఆయనకి అసలు బరువు ఎక్కడుందో చూద్దాం. మీటరు పొడవు ముక్క తీసుకోండి. స్లాబ్ సొంత బరువు సుమారు 375 కిలోలు. పిట్టగోడ ప్లాస్టరింగ్‌తో కలిపి సుమారు 230. చూడ్డానికి స్లాబే ఎక్కువ. కానీ వంచేది బరువు ఒక్కటే కాదు, గోడ నుంచి ఎంత దూరంలో ఉందన్నది కూడా. స్లాబ్ బరువు సగం దూరంలో, అంటే 0.6 మీటర్ల దగ్గర ఉన్నట్టు లెక్క, 375ని 0.6తో గుణిస్తే 225. పిట్టగోడ కొసన ఉంది, 1.15 మీటర్లు, 230ని దాంతో గుణిస్తే 265 దాకా. అంటే ఆ మూడడుగుల గోడ ఒక్కటే మొత్తం స్లాబ్ కన్నా ఎక్కువ వంచుతోంది. దాని పక్కనే 14 కుండీలు, తడిమట్టితో ఒక్కోటి పాతిక కిలోలనుకున్నా మీటరుకి వంద కిలోల పైన, అది కూడా కొసనే.

లెక్కల_మాస్టారు
తలుపు కమ్మీ దగ్గర తోస్తే తెరుచుకోదు, గడియ దగ్గర తోస్తే వేలితో తెరుచుకుంటుంది. పిల్లలకి అలా చెప్పేవాణ్ణి.

గుంటూరు_మిర్చి
కుండీలు లోపలికి తెచ్చాను. హాలు ఇప్పుడు నర్సరీలా ఉంది, అమ్మ నాతో మాట్లాడటం లేదు. పోట్లు రేపు పెట్టిస్తున్నా. ఈలోపు నేనే ఏమైనా చెక్ చేయొచ్చా?

సైట్_మేస్త్రీ_63
చేయొచ్చు. మేస్త్రీల దగ్గర లెవెల్ గొట్టం ఉంటుంది, సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు. ఒక కొస గుమ్మం దగ్గర, ఒక కొస పిట్టగోడ దగ్గర పట్టి గీత పెట్టండి. నీళ్ళు పోవడానికి ముందే కొంచెం వాలు ఇచ్చి ఉంటారు, కాబట్టి ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు. రోజూ అదే చోట కొలవండి. గీత మారిందంటే కదులుతున్నట్టే. రెండోది, పగులు మీద అడ్డంగా సన్నటి అద్దం ముక్క అటూ ఇటూ సిమెంటుతో అతికించండి. పగులు పెరిగితే అద్దం విరుగుతుంది. పాత పద్ధతే, కానీ అబద్ధం చెప్పదు. ఇవన్నీ పోట్లు పెట్టాకే, ముందు కాదు. మీ మేస్త్రీ లాగా ఎగిరి తొక్కి పరీక్ష చేయొద్దు.

స్ట్రక్చర్_శాస్త్రి
వైట్ సిమెంట్ మాత్రం కొట్టించకండి. పగులు కనిపించకుండా పోతుంది, పోయేది కనిపించడమే. ఊళ్ళో స్ట్రక్చరల్ ఇంజనీర్ని పిలవండి, కవర్ మీటర్ అని ఉంటుంది, పైనుంచి జరిపితే కడ్డీ ఎంత లోతున ఉందో చెబుతుంది. తర్వాత ఒకటి రెండు చోట్ల చిన్న గుంట తీసి కళ్ళతో చూడాలి.

కొత్తిల్లు_2018
ఇంజనీర్ ఫీజు, మీటర్ ఫీజు, పోట్లు, అన్నీ కలిపి ఎంతవుతుందో ఎవరైనా చెబుతారా? పన్నెండు వేలతో పోయేదాన్ని లక్ష చేస్తున్నారు.

వైజాగ్_అలలు
స్కూటర్ సీటు 900. అరడుగు ఇటు పడి ఉంటే ఎంతో మీరే చెప్పండి.

గుంటూరు_మిర్చి
పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ రాస్తున్నా.

ఇంజనీరు గారు వచ్చారు. కవర్ మీటర్‌తో మొత్తం గీతలు గీశారు, తర్వాత మూడు చోట్ల గుంటలు తీయించారు. రెండు చివర్లలో పై కడ్డీలు అంగుళంపావు లోతున ఉన్నాయి. కొంచెం కిందికే గానీ ఫర్లేదన్నారు. మధ్యలో నాలుగడుగుల మేర మాత్రం మూడంగుళాల లోతున ఉన్నాయి. ఐదంగుళాల స్లాబ్‌లో అడుగు నుంచి రెండంగుళాలు. అద్దం ముక్క ఇంకా విరగలేదు, లెవెల్ గీత కూడా మారలేదు, పోట్లు ఉన్నాయి కాబట్టి.

మధ్యలోనే ఎందుకు అని ఆయన అడుగుతుంటే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, ఆ రోజు మిల్లర్ వీధిలో పెట్టారట, తట్టలన్నీ నిచ్చెన మీదుగా సరిగ్గా బాల్కనీ మధ్యలోంచే లోపలికి వెళ్ళాయట. పలకలేమీ వేయలేదు. నాన్న అక్కడే కుర్చీ వేసుకుని అందరికీ మజ్జిగ ఇప్పిస్తూ చూస్తున్నారట. 63 గారూ, మీ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. "ఈయన మన స్లాబ్ రోజు ఉన్నాడా ఏంటి" అన్నారు.

సైట్_మేస్త్రీ_63
లేను. కానీ ఉన్నట్టే.

స్ట్రక్చర్_శాస్త్రి
కడ్డీలు పైన సరిగ్గా ఉంటే అడుగు నుంచి నాలుగంగుళాలు దొరికేవి. ఇప్పుడు రెండు. అదే ఇనుము, అదే సిమెంటు, బలం మాత్రం ఇంచుమించు సగం. పగులు మధ్యలో వెడల్పు, చివర్లలో సన్నం ఎందుకో కూడా తేలిపోయింది. రిపేరు ఏం చెప్పారు?

గుంటూరు_మిర్చి
ముందు పిట్టగోడ తీసేసి ఇనుప రెయిలింగ్. సుత్తితో బాదకుండా, పైనుంచి ఒక్కో ఇటుక కటింగ్ మెషీన్‌తో. తర్వాత కింద రెండు ఇనుప స్తంభాలు, వాటి మీద బయటి కొసన ఒక బీమ్. అంతటితో ఆపేస్తే సరిపోదా అని మా మేస్త్రీ అడిగాడు. ఇంజనీరు గారు ఒప్పుకోలేదు, ఎందుకో నాకు సరిగ్గా అర్థం కాలేదు.

స్ట్రక్చర్_శాస్త్రి
చాలామంది చేసే పొరపాటు అది. కొసన ఆసరా ఇచ్చిన క్షణం నుంచి అది బాల్కనీ కాదు, గది స్లాబ్ లాంటిదే. మధ్యలో కిందికి కుంగుతుంది, అడుగు సాగుతుంది. కానీ మీ అడుగున మెయిన్ కడ్డీలు లేవు. నాలుగడుగులే కాబట్టి ఆగొచ్చు, "ఆగొచ్చు" అని సంతకం పెట్టలేం.

గుంటూరు_మిర్చి
ఆఁ, అదే అన్నారు. అందుకని గోడ బీము నుంచి బయటి బీము దాకా ఇనుప ఛానెళ్ళు రెండడుగులకొకటి స్లాబ్ అడుగున వేసి, మధ్యలో సందు లేకుండా గ్రౌట్, అంటే జారుడు సిమెంటు, నింపుతున్నారు. బరువు ఛానెళ్ళ మీదకి పోతుంది. తుప్పు మొదలైన కడ్డీలు శుభ్రం చేసి, పగుల్లో ఎపాక్సీ జిగురు ఎక్కించి, పైన నీరు దిగకుండా చేస్తారు. స్తంభాల పునాది మాత్రం ఐదడుగులు తవ్వించారు, మాది నల్లరేగడి.

సైట్_మేస్త్రీ_63
మంచి పని చేశారు. రేగడిలో పైపైన పెడితే వానాకాలం నేల ఉబ్బి ఆ స్తంభమే బాల్కనీని పైకి పొడుస్తుంది. ఎండాకాలం నేల దిగి స్తంభం వేలాడుతుంది.

కొత్తిల్లు_2018
మొత్తం ఎంతయింది? ఊరికే అడుగుతున్నా. మా ఇంటికీ ఒక బాల్కనీ ఉంది, నిన్న పైకెక్కి చూశాను.

పిట్టగోడ_మీద_పిల్లి
పగులుందా?

కొత్తిల్లు_2018
టైల్స్ ఉన్నాయి. కనపడదు.

సైట్_మేస్త్రీ_63
గోడ పక్కన టైల్స్ మధ్య జాయింటు విడిపోయిందేమో చూడండి. కింద నుంచి గోడ మొదట్లో తడి మరకో, తెల్లటి సున్నం చారలో ఉన్నాయేమో చూడండి. ఫోటో పెట్టండి.

గుంటూరు_మిర్చి
అన్నీ కలిపి లక్షా నలభై వేలు దాటేలా ఉంది. కుండీలు తులసితో సహా మేడ మీద, పిల్లర్ల నెత్తిన సర్దాం. అమ్మ మాట్లాడుతోంది. ఉయ్యాల స్టాండు వెనక్కి పంపించేశాం. నాన్న పట్టు వదల్లేదు, హాల్లో పైనుంచి కొక్కెం వేయించి చెక్క ఉయ్యాల కట్టించుకుంటున్నారు, డ్రిల్లింగ్ మనిషి ఇప్పుడే వచ్చాడు.

సైట్_మేస్త్రీ_63
ఆగండి ఆగండి. కొక్కెం స్లాబ్‌కా, బీమ్‌కా?

గుంటూరు_మిర్చి
చూసొస్తా.